సంక్రాంతి పతంగుల వేళ పెంపుడు పావురం కాళ్లు జాగ్రత్త

ధూల్‌పేటలో పతంగుల దుకాణాలు తెరుచుకున్నాయంటే, హైదరాబాద్‌లో పావురాలు పెంచేవాళ్లు మెలకువగా ఉండాల్సిన రోజులు వచ్చేసినట్టే. నైలాన్, సింథటిక్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. అయినా ఏటా దొరుకుతూనే ఉంది, పక్షులు తెగిపడుతూనే ఉన్నాయి. రెక్క తెగితే వెంటనే తెలుస్తుంది. కాలి సంగతి అలా కాదు. వెంట్రుకంత దారం వేలి మొదట్లో చుట్టుకుంటుంది, పావురం నడిచేకొద్దీ బిగుస్తుంది, వేలు ఉబ్బేసరికి దారం ఆ వాపులో దాక్కుంటుంది. నల్లబడ్డాక గానీ మన కంట పడదు. అప్పటికి ఆ వేలు దక్కడం కష్టం.

అందుకని ముందు జాగ్రత్త ఒక్కటే: జనవరి రెండో వారం మొదలు నెలాఖరు దాకా పావురాలను ఎగరేయకండి. పండగ మూడు రోజులు ఆపి కనుమ మర్నాడే వదిలేసేవాళ్లు చాలామంది ఉన్నారు. అది చాలదు. తెగిన మాంజా చెట్లకీ, కరెంటు తీగలకీ, డాబా పిట్టగోడలకీ వారాల తరబడి వేలాడుతూనే ఉంటుంది. లోపలే ఉంచిన రోజుల్లో రెక్కలాడించుకునేంత జాగా, స్నానానికి వెడల్పాటి పళ్లెంలో నీళ్లు ఇస్తే బెంగపెట్టుకోవు. డాబా మీద దొరికిన దారం ముక్కనల్లా ఏరి, చిన్నచిన్నగా కత్తిరించి పారేయండి. గూట్లో పరిచిన పాత గోనెపట్టా పోగులు ఊడుతుంటే అదీ తీసేయండి, వాటికీ వేళ్లు చిక్కుకుంటాయి.

కాళ్లకు గజ్జెలు, ప్లాస్టిక్ రింగులు ఉంటే ఇప్పుడే విప్పేయండి. గాయమై కాలు వాచాక ఆ రింగే రక్తాన్ని ఆపేస్తుంది. ఊడిరాని లోహపు రింగు వాపులో బిగుసుకుంటే దాన్ని డాక్టరే కోయాలి. ఇంట్లో కటింగ్ ప్లేయర్‌తో ప్రయత్నిస్తే కాలి ఎముక విరిగే ప్రమాదం ఉంది.

పండగకు ముందే ఒక డబ్బాలో ఇవి పెట్టుకోండి: సెలైన్ సీసా, గాయం శుభ్రం చేసే పోవిడోన్ అయోడిన్, గాజుగుడ్డ, జిగురు లేకుండా తనకు తానే అంటుకునే కట్టు, మొన సన్నగా ఉన్న చిన్న కత్తెర, భూతద్దం, మెత్తని తువ్వాలు, గాలి రంధ్రాలు పెట్టిన అట్టపెట్టె. పక్షులను చూసే డాక్టరు ఎవరో, పండగ రోజు ఉంటారో లేదో ఇప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. సెలవు రోజుల్లో వాటి వేళలు కూడా ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

దెబ్బ తగిలితే మొదట రక్తం ఆపాలి. మూడువందల యాభై గ్రాముల పావురం ఒంట్లో ఉండే రక్తం మొత్తం పాతిక, ముప్పై మిల్లీలీటర్లే. టీ చెంచాడు పోయినా ప్రాణం మీదికొస్తుంది. తువ్వాల్లో వదులుగా చుట్టి పట్టుకోండి, రొమ్ము మీద మాత్రం నొక్కకండి. పక్షి ఊపిరి ఆడాలంటే రొమ్ము ఎముక కదలాలి. గాజుగుడ్డతో గాయాన్ని అదిమి, మధ్యలో ఎత్తి చూడకుండా అయిదు నిమిషాలు ఆగండి. గోరు విరిగి కారుతుంటే కార్న్‌ఫ్లోర్ అద్దితే ఆగుతుంది. లోతైన గాయంలో మాత్రం కార్న్‌ఫ్లోరూ వద్దు, పసుపూ వద్దు, కాఫీపొడీ వద్దు. డాక్టరు గాయం శుభ్రం చేసేటప్పుడు వాటిని తీయడమే పెద్ద పని అవుతుంది, పావురానికి ఆ నొప్పి అదనం.

దారం చుట్టుకుని ఉంటే లాగకండి. గోరువెచ్చని సెలైన్‌లో కాలు కాసేపు నానబెట్టి, భూతద్దంతో చూస్తూ ఒక్కో చుట్టునూ విడిగా కత్తిరించి తీయాలి. ఒక చుట్టు తీశాక పని అయిపోయిందనుకోవద్దు, కింద ఇంకోటి ఉంటుంది. దారం కండలోకి దిగిపోయినా, ఎముక కనిపిస్తున్నా, పాదం చల్లబడినా, కాలు వేలాడుతున్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. నల్లగా ఎండిన వేలిని మీరు కత్తిరించకండి. తానే రాలుతుందో, తీయాలో డాక్టరు చెబుతారు.

మందుల విషయంలో గట్టిగానే చెప్పాలి. మనుషుల నొప్పి మాత్రలు విరిచి వేయకండి. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వల్ల, ఆ పశువుల కళేబరాలు తిన్న రాబందులు చచ్చి అంతరించే దశకు వచ్చాయి, అందుకే 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. తిమ్మిరెక్కించే మలాములు, స్టెరాయిడ్ మలాములు, ఘాటు డెటాల్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు. పోవిడోన్ అయోడిన్‌ను పలచని టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి వాడాలి. జిడ్డు మలాము ఈకలకు అంటితే వెచ్చదనం పోతుంది. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు మునిగేంత లోతున్న గిన్నె ముందు పెడితే పావురం తానే పీల్చుకుంటుంది.

ఆ తర్వాతి వారాల్లో చాలామంది గాయమైన కాలినే చూస్తారు. నన్నడిగితే ఎక్కువ కనిపెట్టాల్సింది బాగున్న కాలిని. ఒంటి బరువంతా దాని మీదే పడి అరికాలు ఒరుసుకుపోతుంది, పుండవుతుంది, చీము పడుతుంది. అలా రెండో కాలూ దెబ్బతింటే పావురం ఇక నిలబడలేదు. కాబట్టి నున్నటి పేపరు, గట్టి రేకు, ఇనుప జల్లెడ మీద ఉంచకండి. మడతపెట్టిన తువ్వాలు పరిచి రోజూ మార్చండి. ఇంకో గుడ్డను చుట్టకుదురులా చుట్టి అందులో కూర్చోబెడితే రెండు కాళ్లకూ బరువు తగ్గుతుంది. రోజుకోసారి అరికాలు తిప్పి చూడండి. ఎర్రబడినా, గరుకు పోయి నున్నగా మెరిసినా, నల్లటి పెచ్చు కనిపించినా వెంటనే చూపించాలి.

పెట్టెను వెచ్చగా, గాలి కొట్టనిచోట ఉంచండి. మిగతా పావురాలు పొడుస్తాయి గనుక వేరుగానే పెట్టాలి, కానీ జత కనబడేలా పెట్టండి. జంట కనిపించకపోతే తిండి మానేసే పావురాలు ఉంటాయి. జొన్నలు, సజ్జలు, గోధుమలు, పెసలు బరువైన లోతులేని గిన్నెలో పెట్టండి. ముట్టకపోతే నానబెట్టిన బఠాణీలు ముక్కు మెల్లగా తెరిచి ఒక్కొక్కటే వేయాలి. రోజూ పొద్దున వంటింటి త్రాసు మీద తూచి రాసుకోండి. పదో వంతు బరువు తగ్గినా, రెట్ట చిక్కదనం లేకుండా ముదురాకుపచ్చగా పడుతున్నా కడుపులోకి ఏమీ పోవడం లేదని అర్థం, డాక్టరుకు చెప్పాలి. రెట్ట ఎత్తేటప్పుడు మాస్కు కట్టుకోండి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

వేళ్లు పోయిన పావురాలు, ఒక కాలి మీదే తిరిగే పావురాలు ఇళ్లలో ఏళ్ల తరబడి హాయిగా బతుకుతాయి. కాలు బాగుపడదు, ఇక ఎందుకులే అని వదిలేయకండి. వాటికి గుండ్రటి కర్ర బదులు వెడల్పాటి బల్లచెక్కను నేలకు జానెడు ఎత్తులో బిగిస్తే చాలు. మళ్లీ ఎగరేయాలనుకుంటే మాత్రం ముందు తలుపులు మూసిన గదిలో కొన్నాళ్లు ఎగరనిచ్చి, దిగేటప్పుడు తూలకుండా నిలబడుతోందో లేదో చూసుకోండి.