డిసెంబర్ ఆఖరి వారం రాకముందే తేదీల కోడ్ ఓసారి తెరిచి చూడండి

2025 డిసెంబర్ 29, సోమవారం. సగం టీమ్ సెలవులో ఉంది. నేను ఊళ్లో టిఫిన్ తింటుంటే ఫోన్ మోగింది. "అన్నా, ఈ రోజు తీసిన బిల్లులన్నిటి మీదా 2026 డిసెంబర్ 29 అని పడుతోంది." ఆదివారం తీసినవీ అంతే. శనివారం దాకా తీసినవి మాత్రం శుభ్రంగా ఉన్నాయి. కోడ్ ఎవరూ ముట్టుకోలేదు. సర్వర్ గడియారం చూశాం, డేటాబేస్ చూశాం. రెండు గంటలు పోయాక దొరికింది: తేదీ ఎలా అచ్చవ్వాలో చెప్పే ఫార్మాట్‌లో, ఏడాది కోసం స్మాల్ వై నాలుగు రాయాల్సిన చోట ఎవరో క్యాపిటల్ వై నాలుగు రాశారు. ఈలోపు ఒక కస్టమర్, డబ్బు కట్టడానికి ఏడాది గడువు ఇచ్చినందుకు థాంక్స్ కూడా చెప్పేశాడు.

జావా ప్రోగ్రామింగ్ భాషలో స్మాల్ వై అంటే మామూలు క్యాలెండర్ ఏడాది. క్యాపిటల్ వై అంటే ఆ వారం ఏ ఏడాది లెక్కలోకి వస్తుందో ఆ ఏడాది. ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ రెండూ ఒకే అంకె చూపిస్తాయి. అందుకే జూలైలో రాసి జూలైలో టెస్ట్ చేసిన కోడ్ ఎప్పుడూ పాసే.

ఈసారి ఇది ఇంకా తికమకగా ఉంటుంది. 2027 జనవరి 1 శుక్రవారం పడింది. అమెరికా లొకేల్‌లో (అంటే సర్వర్‌కి పెట్టిన దేశం, భాష సెట్టింగ్) వారం ఆదివారం మొదలవుతుంది, జనవరి 1 ఉన్న వారమే కొత్త ఏడాదికి ఒకటో వారం. కాబట్టి 2026 డిసెంబర్ 27 నుంచే 2027 అని పడుతుంది. ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణం లెక్కలో వారం సోమవారం మొదలవుతుంది, మొదటి గురువారం ఉన్న వారం ఒకటో వారం. అక్కడ డిసెంబర్ బాగానే ఉంటుంది, కానీ 2027 జనవరి 1, 2, 3 తేదీలకు 2026 అని పడుతుంది. ఒకే కోడ్ ఒక సర్వర్‌లో ముందుకు పోతుంది, ఇంకో సర్వర్‌లో వెనక్కి లాగుతుంది. మీ ల్యాప్‌టాప్‌లో సరిగ్గా వచ్చిందని నిశ్చింతగా కూర్చోకండి.

చేయాల్సింది చిన్న పనే. ప్రాజెక్ట్ మొత్తంలో క్యాపిటల్ వై నాలుగు పక్కపక్కన ఉన్న చోటల్లా వెతకండి. కాన్ఫిగ్ ఫైళ్లు, రిపోర్ట్ టెంప్లేట్లు కూడా వదలొద్దు, మాది దొరికింది టెంప్లేట్‌లోనే. వారం నంబర్‌తో కలిపి వేసే రిపోర్టుల్లో తప్ప దాంతో మీకు పని ఉండదు. తేదీల కోసం జావాలో ఉన్న పాత సింపుల్‌డేట్‌ఫార్మాట్ వదిలేసి కొత్త డేట్‌టైమ్‌ఫార్మాటర్‌కి మారాం కదా అనుకుంటారేమో, అందులోనూ ఆ అక్షరానికి అదే అర్థం.

వెతకడం మొదలుపెట్టారు కాబట్టి మిగతా అక్షరాలూ చూడండి. నాకు అన్నిటికన్నా మోసకారిగా కనిపించేది క్యాపిటల్ డి. అది నెలలో తేదీ కాదు, ఏడాదిలో ఎన్నో రోజు. జనవరి 31 రోజులూ రెండూ ఒకటే, ఫిబ్రవరి 1న మాత్రం 32 అని పడుతుంది. కొత్త ఏడాది హడావిడి అయిపోయింది, హమ్మయ్య అనుకున్నాక వచ్చే దెబ్బ ఇది. నెలకు క్యాపిటల్ ఎమ్, నిమిషాలకు స్మాల్ ఎమ్. గంటలకు స్మాల్ హెచ్ పెట్టి ఏఎమ్, పీఎమ్ మర్చిపోతే అర్ధరాత్రి 12:15కీ, మధ్యాహ్నం 12:15కీ తేడా ఉండదు.

బయటి నుంచి వచ్చే తేదీలు ఇంకో తలనొప్పి. 05/06/2026 అంటే జూన్ 5 ఆ, మే 6 ఆ? ఏ ప్రోగ్రామూ కనిపెట్టలేదు, ఫైల్ పంపేవాళ్లను అడిగి మెయిల్‌లో రాయించుకోవాల్సిందే. నెల ముందు అనుకునే ఫార్మాట్‌కి 13/05/2026 ఇస్తే తప్పు అని చెప్పాలి కదా, సింపుల్‌డేట్‌ఫార్మాట్ చెప్పదు. పదమూడో నెలను వచ్చే ఏడాదిలోకి తోసి 2027 జనవరి 5 అని ఇస్తుంది. తప్పులు ఉన్నా సర్దుకుపొమ్మనే సెట్‌లీనియంట్ సెట్టింగ్‌కి ఫాల్స్ ఇస్తేనే గోల చేస్తుంది. డేట్‌టైమ్‌ఫార్మాటర్ పదమూడో నెలను ఒప్పుకోదు గానీ, ఫిబ్రవరి 31 ఇస్తే చప్పుడు చేయకుండా నెలాఖరుకి సర్దేస్తుంది. లేని తేదీలను ఒప్పుకోని స్ట్రిక్ట్ మోడ్ పెట్టండి. అలా పెట్టినప్పుడు ఏడాదికి వై బదులు స్మాల్ యు వాడండి, లేకపోతే సరైన తేదీలు కూడా ఎర్రర్ కొడతాయి.

జావాస్క్రిప్ట్ రాసేవాళ్లకు: డేట్‌కి "2027-01-01" అని తేదీ ఒక్కటే ఇస్తే అది యూటీసీ (ప్రపంచమంతా ఆధారంగా తీసుకునే సమయం) అర్ధరాత్రి అవుతుంది. హైదరాబాద్‌లో జనవరి 1 ఉదయం 5:30, కాబట్టి మనకు తేదీ సరిగ్గానే కనపడుతుంది. డల్లాస్‌లో కూర్చున్న క్లయింట్‌కి అప్పుడు డిసెంబర్ 31 సాయంత్రం 6 గంటలు, తేదీ ఒకరోజు వెనక్కి. ఈ బగ్ మన దేశంలో కూర్చుని చూస్తే దొరకదు. దీనికి తిరగబడ్డది మనకే తగులుతుంది: ఇక్కడి అర్ధరాత్రిని ఐఎస్ఓ స్ట్రింగ్‌గా, అంటే యూటీసీలో రాసే టెక్స్ట్‌గా మారిస్తే ముందురోజు 18:30 వస్తుంది. డేటాబేస్‌లో 18:30 టైములు వరసగా కనిపిస్తే, ఎవరో తేదీని టైమ్‌గా మార్చి దాచారని అనుమానించండి. పుట్టినరోజు, గడువు తేదీ లాంటి వాటికి టైమ్ అవసరమే లేదు, తేదీ కాలమ్‌లోనే పెట్టండి.

ఇక టెస్ట్. ఈ రోజు తేదీతో టెస్ట్ చేస్తే ఏమీ బయటపడదు. డిసెంబర్ 27 నుంచి జనవరి 3 దాకా ప్రతి రోజూ, ఫిబ్రవరి 1, అర్ధరాత్రి దాటాక 12:15, ఇవి తప్పకుండా ఉండాలి. ఈఎంఐల కోసం జనవరి 31 కూడా: జావాలో దానికి నెల కలిపితే ఫిబ్రవరి 28, దానికి మళ్లీ నెల కలిపితే మార్చి 28. ఎప్పుడూ ఈఎంఐ మొదలైన అసలు తేదీ నుంచే లెక్కించండి. దీనికోసం సర్వర్ గడియారం మార్చొద్దు, సర్టిఫికెట్లు, లాగిన్ టోకెన్లు చెల్లక వేరే గొడవ మొదలవుతుంది. ఇప్పుడు టైమెంతో చెప్పే క్లాక్‌ని కోడ్‌కి బయటి నుంచి అందించేలా రాసుకుంటే ఏ రోజునైనా ఆడించవచ్చు.

ఇంత చూసుకున్నా ఏదో ఒకటి జారిపోవచ్చు. మా బిల్లుల్లో పడిన తప్పుడు తేదీ అప్పటికే టెక్స్ట్‌గా సేవ్ అయిపోయింది. మమ్మల్ని కాపాడింది పక్కనే ఉన్న ఇంకో కాలమ్, రికార్డ్ ఎప్పుడు తయారైందో డేటాబేస్ తనంతట తను వేసుకున్న టైమ్. దాన్ని పట్టుకుని మధ్యాహ్నానికల్లా అన్నీ దిద్దగలిగాం. మీ టేబుల్‌లో ఆ కాలమ్ ఉందో లేదో ఈ వారమే చూడండి.