దాడి చేసే పిల్లలకు ఓపీ థెరపీ: మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

జూన్‌లో బడులు తెరుస్తారు. విశాఖలో కౌన్సెలింగ్ చేసేవాళ్లు మొదటి సెషన్‌కు ముందే ఇవి చూసుకోండి.

- ప్రమాదం అంచనా వేయకుండా థెరపీ మొదలుపెట్టొద్దు. పిల్లాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టి నేరుగా అడగండి: చనిపోవాలనిపిస్తోందా? ఎవరినైనా గాయపరచాలని ఉందా? ఇంట్లో నిన్నెవరైనా కొడుతున్నారా? అమ్మానాన్నల ఎదుట అడిగితే చాలాసార్లు "లేదు" అనే వస్తుంది. ప్రాణాపాయం కనిపిస్తే ఓపీ చాలదు. అదే రోజు చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలకో, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కో పంపండి.

- గోప్యతకు హద్దు ముందే చెప్పండి. లైంగిక దాడి బయటపడితే పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం (2012) ప్రకారం ఫిర్యాదు చేయక తప్పదు. తర్వాత చెబితే నమ్మకం పోతుంది.

- దూకుడు పిల్లలందర్నీ ఒకే గ్రూపులో వేయకండి. ఒకడి గొప్పలకు మరొకడు నవ్వితే దూకుడుకు అదే బహుమతి.

- నిద్ర, వినికిడి, చదవడంలో ఇబ్బంది, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లేకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం), గంజాయి: అన్నీ అడగండి. దూకుడు వెనక ఇవి ఉండొచ్చు.

- చిన్నపిల్లలైతే తల్లిదండ్రుల శిక్షణే అసలు చికిత్స. మారాంకు లొంగడం మానగానే గొడవ మొదట పెరగొచ్చు, తర్వాతే తగ్గుతుంది. ఇది ముందే చెప్పకపోతే రెండో వారానికే వదిలేస్తారు, పాపం వాళ్ల తప్పు కాదు.

- టెలి మానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబర్లు కాగితం మీద రాసివ్వండి. గొడవలు రాత్రిళ్లూ జరుగుతాయి.