సైనసా, మామూలు రొంపా? రంగు కాదు, రోజులు చూడండి

గుంటూరు మిర్చియార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసేవాళ్లకీ, తొడిమలు తీసేవాళ్లకీ సీజనంతా ముక్కు కారుతూనే ఉంటుంది. ఘాటుకి తుమ్ములొచ్చి, ఇంటికెళ్లాక తగ్గిపోతే అది సైనస్ కాదు. సైనస్‌లంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదులు; అవి వాస్తే వచ్చే జబ్బునీ సైనస్ అనే అంటాం. చీమిడి చిక్కబడి, ముక్కు దిబ్బడేసి, వాసన తెలియక, వంగితే చెంపలూ నుదురూ బరువెక్కి నొప్పెడితే సైనస్ వాపేమో అనుకోవాలి. పై దవడ పళ్లు కూడా సలుపుతాయి, వాటి వేళ్లకు ఆనుకునే చెంప సైనస్ ఉంటుంది కాబట్టి. పుచ్చుపన్ను నుంచి సైనస్‌కి చీము పట్టడమూ ఉంది. ఒకవైపే కంపుకొడుతూ కారుతుంటే పళ్లు కూడా చూపించుకోండి.

చీమిడి పచ్చబడగానే మందులషాపులో యాంటీబయాటిక్ అడిగేస్తాం. దండగ. మొదటి పది రోజుల్లో ఉండేది చాలావరకు వైరసే, దానిమీద ఆ మాత్రలు పనిచెయ్యవు. 10 రోజులైనా తగ్గకపోతే, తగ్గినట్టే తగ్గి తిరగబెడితే, లేదా 102 డిగ్రీల జ్వరం, చీము, ముఖం నొప్పి కలిసి మూడు నాలుగు రోజులు వదలకపోతే డాక్టరు దగ్గరికెళ్లాలి. 12 వారాలు దాటితే ఈఎన్‌టీకే చూపించాలి. అలర్జీ, వంకర ముక్కుదూలం, ముక్కులో కండ, బీడీ సిగరెట్లు ఉన్నవాళ్లకు ఇది పదేపదే వస్తుంది.

చెంప సైనస్ రంధ్రం అడుగున కాదు, పైన ఉంటుంది. పొర కాస్త వాచినా దారి మూసుకుపోతుంది. అందుకే ఉప్పునీళ్లతో కడగడం. నిమిషంపాటు తెర్లకాచి గోరువెచ్చగా చల్లార్చిన పావు లీటరు నీళ్లలో అర టీస్పూను అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా కలపండి. కుళాయి నీళ్లుగానీ క్యాన్ నీళ్లుగానీ కాచకుండా వాడొద్దు; అరుదే అయినా, ముక్కు ద్వారా మెదడుకెక్కే అమీబా ప్రాణం తీస్తుంది. సింకు మీదికి వంగి, తల పక్కకి వాల్చి, నోటితో ఊపిరి తీస్తూ పై ముక్కుపుటంలో ఆ నీళ్లు సీసాతో మెల్లగా పొయ్యాలి. కింది పుటంలోంచి కారిపోతాయి. మంటపుడితే ఉప్పు కొలత చూసుకోండి, ఎక్కువైనా తక్కువైనా మండుతుంది. తర్వాత గట్టిగా చీదితే చెవిపోటు వస్తుంది. సీసా కడిగి ఆరబెట్టాలి.

ముక్కు దిబ్బడ తగ్గించే చుక్కల మందు ఐదు రోజులకు మించి వద్దు. ఆపగానే ముక్కు మరింత బిగుస్తుంది, మళ్లీ వేస్తారు, అలా అలవాటైపోతుంది.

కన్ను వాచినా, ఒకటి రెండుగా కనిపించినా, మెడ బిగిసినా, మాట తికమకపడినా అదేరోజు ఆస్పత్రికి వెళ్లాలి. షుగరున్నవాళ్ల ముక్కులోగానీ అంగిట్లోగానీ నల్లమచ్చ కనిపిస్తే, 2021లో చూసిన బ్లాక్ ఫంగస్ కావచ్చు, గంటలు కూడా ఆలస్యం చెయ్యకండి.