ఫిర్యాదు రాయడం – 4వ పాఠం: 'ఊరంతా' అని రాయకండి

పోయిన పాఠంలో ఒక ఘటన ఇచ్చి ఫిర్యాదు రాయమన్నాను. ఒడిశాలో గునుపూర్ దగ్గర పల్లెలో పిల్లాడికి జ్వరం తగ్గలేదు. పక్కింటి ముసలమ్మ చిల్లంగి (చేతబడి) పెట్టిందని ఆమెను కొట్టి తరిమేశారు. రాయగడ నుంచి, పర్లాకిమిడి నుంచి మీరు పంపినవన్నీ చదివాను. చాలామంది చిల్లంగి లేదని నిరూపించడానికే ఒక పేజీ రాశారు. అది స్టేషన్‌లో తేలే సంగతి కాదు. చట్టం ఎవరేం నమ్ముతున్నారని అడగదు, ఎవరేం చేశారని అడుగుతుంది. మంత్రగత్తె అంటూ వేధించడాన్ని ఆపడానికి ఒడిశా చేసిన 2013 చట్టం ప్రకారం ఒక ఆడమనిషిని మంత్రగత్తె అని వేలెత్తి చూపడమే నేరం, కొట్టేదాకా ఆగనక్కర్లేదు. అందుకే అన్న మాట అన్నట్టే రాయాలి. 'డాహాణి' (ఒడియాలో మంత్రగత్తె) అన్నాడా, 'చిల్లంగిది' అన్నాడా? 'దుర్భాషలాడారు' అని రాస్తే ఆ నేరమే కాగితం మీదికి రాదు.

ఇక నాకు బాధ కలిగించింది: 'ఊరంతా కలిసి కొట్టారు'. దాదాపు అందరూ ఇదే రాశారు.

ఊరంతా అంటే పోలీసులు ఎవరిని పిలవాలి? మొదట ఆ మాట అన్నదెవరు? జుట్టు పట్టుకున్నదెవరు? కర్ర తెచ్చిందెవరు? సామాను బయట పడేసిందెవరు? ఒక్కో మనిషికి ఒక్కో వాక్యం రాయండి. పేరు తెలియకపోతే ఫలానావాళ్ల అల్లుడు అనండి. తలలు లెక్కపెట్టండి, అయిదుగురు గానీ అంతకన్నా ఎక్కువమంది గానీ ఉంటే, చట్టవిరుద్ధమైన గుంపు గురించి చెప్పే భారతీయ న్యాయ సంహిత 189వ సెక్షన్ కూడా చూడాల్సి వస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఊరంతా ముద్దాయిలైతే సాక్షి ఎవరు మిగులుతారు? కొట్టకుండా చూస్తూ నిలబడ్డవాళ్లు కూడా భయపడి నోరు మూసుకుంటారు.

మా నాయనమ్మ చెల్లెలిని ఇలాగే వెళ్లగొట్టారు. అప్పుడు నాకు పదేళ్లు. ఊరంతా మీద పడిందనే నా జ్ఞాపకం. పెద్దయ్యాక అమ్మను అడిగితే, "ముగ్గురేరా. మిగతావాళ్లు తలుపులు వేసుకున్నారు" అంది.

మళ్లీ మన ఘటనకొస్తే, ఆ ముసలమ్మ ఏరు దాటి ఆంధ్రలోని పాతపట్నం చేరితే ఫిర్యాదు అక్కడే ఇవ్వొచ్చు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత (పోలీసులు, కోర్టులు ఎలా నడవాలో చెప్పే చట్టం) 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా తీసుకోవాలి. జరిగింది ఒడిశాలో కాబట్టి వర్తించేది ఒడిశా చట్టమే. నోటితో చెప్పినా వాళ్లే రాసుకుని చదివి వినిపించాలి. నేనైతే కాగితం పట్టుకునే వెళ్తాను, సెక్షన్లు మాత్రం రాయను. టైము తెలియకపోతే 'పొద్దుటి బస్సు వెళ్లాక' అని రాసినా చాలు.

అభ్యాసం: ఇంట్లో పెద్దవాళ్లను ఒకరిని అడగండి, వాళ్లు చూసిన ఇలాంటి ఘటన ఏదైనా చెప్పమనండి. పేర్లు మార్చి పది వాక్యాల్లో రాయండి. ప్రతి వాక్యంలో ఒకే మనిషి, ఒకే పని. 'అందరూ', 'వాళ్లు' రాకూడదు. పదో వాక్యం తలుపు వేసుకున్న మనిషి గురించి.