పన్నెండు దాటిన పిల్లలతో కలిసి ఏం చూడాలి?

పన్నెండు దాటాక పిల్లలకు బొమ్మల కథలు ఆనవు. పెద్దల సీరియళ్లు పెడితే పగలు, కుట్రలు, చెంపదెబ్బలు. అందుకే ఏదైనా మొదలుపెట్టే ముందు తెర మీద వచ్చే గుర్తు చదవండి. కేంద్రం తెచ్చిన 2021 ఐటీ నియమాల ప్రకారం ఓటీటీలు ప్రతి కార్యక్రమానికీ యూ, యూ/ఏ 7+, 13+, 16+, ఏ అనే వర్గాల్లో ఒకటి చూపాలి. హింస, దుర్భాష వంటివి ఉంటే అదీ చెప్పాలి. వయసు అంకె కన్నా ఆ చిన్న అక్షరాలే నాకు ముఖ్యం. 13+, ఆపై వాటికి తాళం పెట్టుకునే వీలు కూడా ఉంటుంది, వాడుకోండి.

దయ ఉందో లేదో మాత్రం ఏ గుర్తూ చెప్పదు. మొదటి భాగం మీరే ముందుగా చూడండి. బలహీనుణ్ని ఏడిపించి నవ్విస్తున్నారా? తప్పు చేసినవాడు క్షమించమని అడుగుతాడా? నేను ఈ రెండే చూస్తాను.

మా తిరుపతి పిల్లలకైతే అడవుల మీద తీసిన డాక్యుమెంటరీలు బాగా నచ్చుతాయి. వేట దృశ్యాలు లేనివి ఎంచి పెట్టండి. శేషాచలం కొండల్లో బంగారు బల్లి ఉందని చెప్పి చూడండి, ఇక ప్రశ్నలు ఆగవు.