పూడిక తీసే ముందు చెరువులోని ఆల్చిప్పలను కాపాడే పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చెరువుల్లో ఎండాకాలం నీరు తగ్గి శిఖం (చెరువు లోపలి నేల) బయటపడగానే పూడిక మట్టి కోసం ట్రాక్టర్లు దిగుతాయి. ఆ మట్టి పొలాలకు మేలు చేసేదే కనుక 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయ కూడా దాన్ని తోలుకోవడాన్ని ప్రోత్సహించింది. అయితే ఆ మట్టిలోనే సగం దిగబడి, నీటిని పీల్చి, అందులోని నాచు కణాలను తిని, తేటనీటిని వదిలే ఆల్చిప్పలు కూడా దానితోపాటే పోతున్నాయి.

సముద్రతీరాల్లో స్వచ్ఛంద కార్యకర్తలు ఖాళీ గుల్లలను నీటిలో గుట్టలుగా పోస్తే, ఆయిస్టర్ (సముద్రపు ఆల్చిప్ప) పిల్లలు వాటికి అతుక్కొని పెరుగుతాయి. మన చెరువు ఆల్చిప్పకు ఆ పద్ధతి సరిపోదు. దీని పిల్లలు మొదట చేపల మొప్పలనో రెక్కలనో అంటుకొని కొన్నాళ్లు గడిపి, ఆ తర్వాతే అడుగు మట్టికి చేరతాయి. అందుకే చేపలు లేని గుంటలో ఎన్ని ఆల్చిప్పలు వేసినా సంతతి నిలవదు.

ముందుగా గ్రామ పంచాయతీ, నీటిపారుదల శాఖల అనుమతి తీసుకోవాలి. మత్స్య సహకార సంఘం సభ్యులను వెంట రమ్మనడం మరీ ముఖ్యం, ఎందుకంటే ఆల్చిప్పలు ఏ మూల ఎక్కువగా ఉంటాయో రోజూ వల లాగేవారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఎండ ముదరకముందే, తెల్లవారుజామున, నీటి అంచు వెంబడి చేతులతో మట్టిని తడుముతూ ఏరాలి. తాకితే గట్టిగా మూసుకునేది బతికున్నది. నోరు తెరుచుకొని ఎంత తాకినా కదలనిదాన్ని పక్కన పెట్టాలి. ఏరినవాటిని బకెట్టు నీళ్లలో కుక్కితే ఊపిరాడక చస్తాయి కాబట్టి తడి గోనెసంచిలో చుట్టి, నీడన ఉంచి, ఆలస్యం చేయకుండా అదే చెరువులో వేసవి చివరిదాకా నీరు నిలిచే లోతట్టు భాగానికి చేర్చాలి. గుట్టగా పోయకుండా ఎడంగా పరచాలి, మట్టిలోకి అవే దిగుతాయి. వేరే చెరువునుంచి మాత్రం తేవద్దు, వాటితో రోగాలు, పరాయి జీవులు వచ్చే ప్రమాదముంది.

అన్నిటికన్నా పెద్ద పని తవ్వించేవారితో మాట్లాడటమే. చెరువు అడుగంతా ఒకేసారి గీకేయకుండా ఆల్చిప్పలున్న పట్టీని కర్రలు పాతి గుర్తుపెట్టి వదిలేయమని, తవ్వకం మొదలయ్యేలోపే ఒప్పించాలి. గుర్రపుడెక్క, లొట్టపీసు లాంటి కలుపు తీసేటప్పుడు తుంగను కొంత ఉంచితే ఒడ్డు మట్టి కోసుకుపోదు, చేపపిల్లలకూ చాటు దొరుకుతుంది. మరుసటి వేసవిలో అదే పట్టీలో గజం పొడవు, గజం వెడల్పున తాడుతో చతురస్రాలు వేసి లెక్కించి, చిన్న ఆల్చిప్పలు కనిపిస్తున్నాయో లేదో విడిగా రాసుకోవాలి.