గనీ ఫావెహిన్మి జీవితాన్ని తెలుగులో రాయాలంటే

నైజీరియా న్యాయవాది గనీ ఫావెహిన్మి మీద ఇంగ్లీషులో వచ్చిన వ్యాసాలు చాలావరకు విశేషణాలతోనే నడుస్తాయి: నిర్భయుడు, పేదల వకీలు, నియంతలకు కంట్లో నలుసు. అవన్నీ నిజమే. కానీ వాటినే తెలుగులో పెడితే, ఆ దేశం గురించి పెద్దగా తెలియని మన పాఠకుడికి చేతికి ఏమీ అందదు. ఆయన జీవితం కోర్టు రికార్డుల్లో ఉంది. ఏ రోజున, ఏ చట్టం కింద, ఏ జైలుకు తీసుకెళ్లారు, ఏ తీర్పుతో ఏం మారింది అని వరసగా చెప్పుకుంటూ పోతే ఆ విశేషణాలు పాఠకుడి నోటి నుంచే వస్తాయి.

ముందు ఒక కాగితం మీద పాలకుల పట్టిక వేసుకోండి. ఇది లేకుండా మొదలుపెట్టినవాళ్లు 1980ల దగ్గర తప్పకుండా తడబడతారు. 1979 అక్టోబర్ 1 నుంచి షగారి పౌర ప్రభుత్వం. 1983 డిసెంబర్ 31న సైన్యం దాన్ని కూలదోసింది, బుహారీ వచ్చాడు. 1985 ఆగస్టు 27న బుహారీని దించి బబాంగిడా. 1993 ఆగస్టు 26 నుంచి కొద్ది నెలలు షొనెకాన్, ఆ ఏడాది నవంబర్ 17న అబాచా. అబాచా 1998 జూన్ 8న చనిపోయాక అబ్దుల్‌సలామి, 1999 మే 29న ఒబసాంజోతో మళ్లీ పౌర పాలన. గనీ జీవితంలోని ప్రతి ఘటన పక్కన అప్పటి పాలకుడి పేరు రాసుకోండి. బుహారీ, ఒబసాంజో ఇద్దరూ ఒకసారి సైనిక పాలకులుగా, మరోసారి ఎన్నికైన అధ్యక్షులుగా కనిపిస్తారు. ఏ కాలపు బుహారీయో, ఏ కాలపు ఒబసాంజోయో చెప్పకపోతే వాక్యం మొత్తం తప్పుదారి పట్టిస్తుంది.

ఊళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త. ఆయన 1938 ఏప్రిల్ 22న ఒండో పట్టణంలో పుట్టాడు. ఒండో రాష్ట్రం ఏర్పడింది 1976లో. కాబట్టి "ఒండో రాష్ట్రంలో జన్మించాడు" అనకుండా "నేటి ఒండో రాష్ట్రంలోని ఒండోలో" అనాలి. ఆ రాష్ట్ర రాజధాని అకురె, ఒండో కాదు. 1991 డిసెంబర్ దాకా దేశ రాజధాని లాగోసే, అబుజా కాదు. 1989లో ఆయన్ను ఉంచిన గషువా జైలు ఇప్పుడు యోబే రాష్ట్రంలో ఉంది. అప్పటికి యోబే లేదు, అదంతా బోర్నో.

పేర్లు

పూర్తి పేరు అబ్దుల్-గనియు ఒయెసోలా ఫావెహిన్మి. మన అలవాటు కొద్దీ ఇంటిపేరు ముందుకు తెచ్చి "ఫావెహిన్మి గనీ" అని రాయొద్దు. ఆయన యోరుబా, అంటే నైరుతి నైజీరియాలోని పెద్ద జాతి మనిషి; యోరుబాల్లో ఇంటిపేరు చివరనే ఉంటుంది. "ఫా" అనేది ఇఫా అనే యోరుబా శకున సంప్రదాయం నుంచి వచ్చింది. అది చూసి ఆయన ఆ మతస్థుడని తేల్చేయకూడదు, ఆయనది ముస్లిం కుటుంబం. తాతముత్తాతల ఇంటిపేరు అలాగే ఉండి, తర్వాతి తరాలు మసీదుకో చర్చికో వెళ్లడం యోరుబా ఇళ్లలో మామూలు విషయం.

యోరుబా లిపిలో కొన్ని అక్షరాల కింద చుక్క ఉంటుంది. ఇంగ్లీషు పత్రికలు ఆ చుక్కను వదిలేస్తాయి, తెలుగులో తప్పులు అక్కడి నుంచే పుడతాయి. చుక్క ఉన్న "ఎస్"ను "ష" అని పలకాలి. అందుకే అక్కడి ఒక రాష్ట్రం పేరు ఓసున్ కాదు, ఓషున్. ఆ లెక్కన సోయింకా కూడా షోయింకాయే. కానీ వోలె సోయింకా పేరు మన పాఠకుడికి అలా అలవాటైపోయింది కనుక దాన్ని కదపకుండా, కొత్తగా రాసే పేర్లకు మాత్రం ఈ నియమం పాటించండి. "గ", "బ" కలిసి వచ్చిన చోట రెండూ ఒకేసారి పలుకుతాయి. దానికి మన దగ్గర అక్షరం లేదు, "గ్బ" అని రాస్తే సరిపోతుంది. స్వరాల ఎత్తుపల్లాలు తెలుగు లిపిలో చూపించలేం, ఆ ప్రయత్నమే వద్దు.

కేసులే వెన్నెముక

1,500 పదాల వ్యాసం అనుకుంటే 600 పదాలు తీర్పులకే ఇవ్వండి. బాల్యానికి, చదువుకి 150 చాలు: ఇకారెలోని విక్టరీ కాలేజీ, 1961 నుంచి లండన్‌లో హోల్‌బర్న్ న్యాయ కళాశాల, 1965లో నైజీరియా బార్‌లో ప్రవేశం.

తీర్పుల దగ్గరికి వచ్చేసరికి సైటేషన్, అంటే తీర్పు ఎక్కడ అచ్చయిందో చెప్పే గుర్తు, చదవడం తెలియాలి. "(1987) 4 ఎన్‌డబ్ల్యుఎల్‌ఆర్ (పార్ట్ 67) 797" అని ఉంటే వరసగా సంవత్సరం, సంపుటం, భాగం, పేజీ. ఎన్‌డబ్ల్యుఎల్‌ఆర్ అంటే నైజీరియన్ వీక్లీ లా రిపోర్ట్స్. 1985లో దాన్ని మొదలుపెట్టింది గనీయే. ఈ సంగతి వ్యాసంలో తప్పకుండా ఉండాలి. అక్కడి న్యాయవాదులు, జడ్జీలు రోజూ తిరగేసే తీర్పుల పుస్తకం ఆయన చేతి మీదుగా వచ్చింది.

పైన చెప్పిన సైటేషన్ ఫావెహిన్మి వర్సెస్ అకిలు కేసుది. దీన్ని అర్థమయ్యేలా చెప్పాలంటే ఆరేళ్లు వెనక్కి వెళ్లాలి. 1981లో అబ్రహం అడేసన్యా అనే సెనేటర్, ఎన్నికల సంఘం అధ్యక్షుడి నియామకం రాజ్యాంగ విరుద్ధమని కోర్టుకెక్కాడు. సొంత హక్కుకు నష్టం చూపలేదు కనుక కేసు వేసే అర్హత లేదని సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. విచిత్రంగా, అదే 1981 చివర్లో మన సుప్రీంకోర్టు ఎస్.పి. గుప్తా కేసులో ప్రజాప్రయోజన వ్యాజ్యానికి తలుపులు బార్లా తెరిచింది. తెలుగు పాఠకుడికి ప్రజాప్రయోజన వ్యాజ్యం రోజూ వినే మాట. నైజీరియాలో ఆ తలుపు మూసి ఉందన్న సంగతి ముందే చెప్పకపోతే గనీ చేసిందేమిటో అతనికి అందదు.

1986 అక్టోబర్ 19న న్యూస్‌వాచ్ పత్రిక సంపాదకుడు డెలె గివా లాగోస్‌లోని ఇంట్లో పార్సిల్ బాంబు పేలి చనిపోయాడు. గనీ ఆయన న్యాయవాది, మిత్రుడు. ఇద్దరు సైనిక గూఢచారి అధికారులు, అకిలు, టోగున్ మీద ప్రైవేటు ప్రాసిక్యూషన్ (ప్రభుత్వం కాకుండా ఒక పౌరుడే నడిపే క్రిమినల్ కేసు) నడపడానికి సిద్ధమయ్యాడు. లాగోస్ రాష్ట్ర ప్రాసిక్యూషన్ డైరెక్టర్ నిర్ణయం చెప్పకుండా నాన్చడంతో, ఏదో ఒకటి తేల్చమని ఆదేశించాలని కోర్టుకు వెళ్లాడు. కింది కోర్టులు కాదన్నాయి. 1987 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన నిలిచింది: నేరం జరిగినప్పుడు సాటి మనిషి కోసం నిలబడే అర్హత ప్రతి ఒక్కరికీ ఉందన్నది. ఇక్కడ చాలామంది రెండు తప్పులు చేస్తారు. ఈ తీర్పుతో నిందితులకు శిక్ష పడిందన్నట్టు రాస్తారు, పడలేదు. ఆ ఇద్దరు అధికారులను హంతకులని రాస్తారు, రాయకూడదు. కోర్టు తేల్చింది కేసు పెట్టే అర్హత గురించి మాత్రమే, హత్య నిగ్గు తేలలేదు.

రెండో పెద్ద కేసు అబాచా వర్సెస్ ఫావెహిన్మి, (2000) 6 ఎన్‌డబ్ల్యుఎల్‌ఆర్ (పార్ట్ 660) 228. పేరు చూసి 2000లో అబాచా బతికే ఉన్నాడనుకుంటారు. అప్పటికి చనిపోయి రెండేళ్లు. కేసు మూలం 1996 జనవరి 30: తెల్లవారుజామున భద్రతా సంస్థ మనుషులు వారెంటు లేకుండా గనీని ఇంటి నుంచి తీసుకెళ్లారు. లాగోస్‌కు ఎంతో దూరాన ఈశాన్యంలో ఉన్న బౌచి జైల్లో నవంబర్ దాకా ఉంచారు. ఆఫ్రికా దేశాల ఒప్పందమైన ఆఫ్రికా మానవ హక్కుల చార్టర్ నైజీరియా చట్టంలో భాగమైంది కనుక ఇది చెల్లదని ఆయన వాదం. చార్టర్ మామూలు చట్టాలకంటే బలమైనదని, రాజ్యాంగానికి మాత్రం లోబడే ఉంటుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండో సగం వదిలేస్తే తీర్పును పెంచి చెప్పినట్టవుతుంది.

మాటల ఎంపిక

సైనిక ప్రభుత్వం చేసే చట్టాన్ని డిక్రీ అనే రాయండి. ఆర్డినెన్స్ అంటే మన పాఠకుడు పార్లమెంటు ముందుకు రావాల్సిన తాత్కాలిక చట్టం అనుకుంటాడు. అక్కడ పార్లమెంటే లేదు. 1984 నాటి 2వ నంబరు డిక్రీ మనుషులను విచారణ లేకుండా నిర్బంధించడానికి వీలిచ్చింది. ప్రశ్నించే అధికారం కోర్టులకు లేకుండా చేసింది కూడా. ఈ డిక్రీ కింద పట్టుకెళ్లిన సందర్భాల్లో "జైలుశిక్ష" అనే మాట వాడకండి. శిక్ష అంటే విచారణ జరిగి తీర్పు వచ్చిందని అర్థం. "నిర్బంధం" సరైన మాట. ఆయన ఎన్నిసార్లు నిర్బంధంలో ఉన్నాడో రకరకాల అంకెలు తిరుగుతుంటాయి. తేదీ, జైలు పేరు మీ దగ్గర ఉన్నవాటినే రాయండి.

పొగడ్త మధ్యలో ఒక ఇబ్బందికరమైన నిజాన్ని దాచకండి. 1984లో బుహారీ ప్రభుత్వం పెట్టిన సైనిక ట్రిబ్యునళ్లను బహిష్కరించాలని నైజీరియా బార్ అసోసియేషన్ పిలుపునిస్తే, గనీ ధిక్కరించి వాదించడానికి వెళ్లాడు. అవినీతిపరులైన రాజకీయ నాయకులకు విచారణ జరగాల్సిందేనన్నది ఆయన పట్టు. ప్రజాస్వామ్యవాది సైనిక ట్రిబ్యునల్ ముందు నిలబడటం ఏమిటని పాఠకుడు అడుగుతాడు. ఆ ప్రశ్న వ్యాసంలో ఉండాలి.

మరో గందరగోళం: ఆ కాలపు యోరుబా న్యాయవాద నాయకులందరినీ ఒకే గాటన కట్టడం. అడేసన్యా సైనిక పాలనను ఎదిరించిన నాడెకో కూటమికి, అఫెనిఫెరె అనే యోరుబా సంస్థకు నాయకుడు, 1997 జనవరిలో కారు మీద కాల్పులు జరిగితే బయటపడ్డవాడు. బోలా ఇగే 1979 నుంచి 1983 దాకా ఓయో గవర్నర్, న్యాయశాఖ మంత్రిగా ఉండగానే 2001 డిసెంబర్ 23న ఇబదాన్‌లోని ఇంట్లో హత్యకు గురయ్యాడు. గనీ దారి వేరు. పార్టీలు నిషేధంలో ఉన్న అబాచా కాలంలోనే, 1994 అక్టోబర్ 1న, నేషనల్ కాన్షియెన్స్ పార్టీ స్థాపించాడు. ఎన్నికల సంఘం పార్టీల నమోదుకు పెట్టిన అదనపు షరతులు చెల్లవని 2003 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసినవాళ్లలో ఆయన ఒకడు. ఆ ఏప్రిల్‌లో అధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిపోయాడు. ఓట్ల కంటే ఆ తీర్పుకే ఎక్కువ చోటివ్వండి, తర్వాత చిన్న పార్టీలకు దారి వేసింది అదే.

బిరుదుల్లో పేరు ముందు వచ్చే "చీఫ్" అనే గౌరవ పదాన్ని అలాగే ఉంచండి. అధిపతి, నాయకుడు అని తెలుగు చేస్తే ఆయనేదో ఊరిని పాలించాడనుకుంటారు. 1988లో ఇఫె విశ్వవిద్యాలయం విద్యార్థులు ఆయనకు "సీనియర్ అడ్వకేట్ ఆఫ్ ది మాసెస్" అని బిరుదిచ్చారు. అప్పటికి ఆ విశ్వవిద్యాలయం పేరు ఒబాఫెమి అవొలొవో విశ్వవిద్యాలయంగా మారింది. పేరున్న న్యాయవాదులకు అధికారికంగా ఇచ్చే సీనియర్ అడ్వకేట్ ఆఫ్ నైజీరియా హోదా వచ్చింది 2001లో. రెండూ ఒకటేనని పొరబడి ఒకే వాక్యంలో కలిపేస్తుంటారు. మధ్యలో ఉన్న ఆ 13 ఏళ్లు పాఠకుడికి కనబడాలి. 2008లో జాతీయ పురస్కారం ఇస్తామంటే కాదన్నాడు. 2009 సెప్టెంబర్ 5న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశాడు, వయసు 71. ఒండోలో ఖననం చేశారు.